రాల్ఫ్ సంతకం పెట్టలేదు, మేరీ లండన్ వెళ్లింది

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో రాల్ఫ్ వర్నీ అని ఒక భూస్వామి ఉండేవాడు. బకింగ్‌హమ్‌షైర్‌లో మిడిల్ క్లేడన్ అనే ఊరు, చుట్టుపక్కల భూములు వాళ్లవి. పార్లమెంటు సభ్యుడు కూడా. కానీ యుద్ధాలు గెలవలేదు, మంత్రి కాలేదు, గొప్ప ఉపన్యాసకుడని పేరూ లేదు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటయ్యా అంటే చేతికొచ్చిన కాగితం పారేయకపోవడం. వచ్చిన ఉత్తరం మీద ఎవరు రాశారో ఏ తేదీయో రాసి మడిచి దాచేవాడు, తను రాసిన జవాబుల చిత్తు కాపీలు కూడా దాచేవాడు. తర్వాతి తరాలకీ అదే జబ్బు అంటుకుంది. అలా ఆ ఇంట్లో పోగుపడ్డ ఉత్తరాలు ముప్పై వేల పైమాటే. రెండు వందల ఏళ్లు అవి క్లేడన్ ఇంటి పై అంతస్తులో పడి ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పార్థెనోపీ (ఫ్లారెన్స్ నైటింగేల్‌కి సొంత అక్క) వాటిని బయటికి తీసి, చదివి, ఒక వరసలో పెట్టింది.

నేను వీళ్ల గురించి చదవడం మొదలుపెట్టింది ఇంగ్లండ్ అంతర్యుద్ధం కోసం. రాజు ఒకవైపు, పార్లమెంటు ఒకవైపు, ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు చెరోవైపు, సినిమా కథలా ఉంటుంది కదా. ఆ కథ నిజమే, అదీ చెబుతాను. కానీ చదివేకొద్దీ నాకు రాల్ఫ్ కంటే ఆయన భార్య మేరీ ముఖ్యమనిపించింది. ఆయన ఒక సూత్రానికి కట్టుబడి దేశం వదిలేసి వెళ్లాడు, దాని ఖర్చు మాత్రం ఆవిడ కట్టింది. ఇది నా లెక్క. వర్నీ కుటుంబం మీద రాసినవాళ్లందరూ ఇంత కటువుగా చెప్పరు.

ముందే ఒక హెచ్చరిక, ఈ ఇంట్లో పేర్లతో తల తిరుగుతుంది. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకే ఉందనుకుంటాం గానీ వీళ్లు మరీ ఘోరం. రాల్ఫ్ తండ్రి ఎడ్మండ్, తమ్ముడు ఎడ్మండ్, పెద్దకొడుకు ఎడ్మండ్, మనవడు ఎడ్మండ్. భార్య మేరీ, చెల్లెళ్లలో ఒక మేరీ, కోడలు మేరీ, మనవరాలు మేరీ. అందుకని ఇక్కడ మేరీ అంటే భార్యే అనుకోండి, మిగతావాళ్లని వరస చెప్పి పిలుస్తాను.

తండ్రి సర్ ఎడ్మండ్ రాజు మొదటి చార్లెస్ కొలువులో పెరిగినవాడు. చార్లెస్ ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు 1623లో పెళ్లి సంబంధం కోసం స్పెయిన్ వెళ్తే ఈయనా అక్కడికి వెళ్లాడు. తర్వాత రాజప్రాసాదంలో శాంతిభద్రతలు చూసే నైట్ మార్షల్ (Knight Marshal) అయ్యాడు. పన్నెండు మంది పిల్లలు, అందులో పదిమంది బతికారు. ఇంత సంసారం, దానికి తోడు దర్బారు ఖర్చులు. ఆదాయం కోసం రాజు ఇచ్చే రకరకాల హక్కుల్లో, బట్టల మీద వసూలు చేసే సుంకంలో వాటా లాంటివాటిలో డబ్బు పెట్టేవాడు. రాజు బాగుంటేనే ఆ హక్కులు బాగుంటాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కూతుళ్ల దగ్గర మళ్లీ వస్తుంది.

పెద్దకొడుకు రాల్ఫ్ పుట్టింది 1613లో. పెళ్లి 1629లో. అప్పటికి పెళ్లికొడుక్కి పదిహేనేళ్లు, పెళ్లికూతురు మేరీ బ్లాక్‌నల్‌కి పదమూడు. మేరీ అమ్మానాన్నలు ఆమె తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే పోయారు, ఆస్తికి ఒక్కతే వారసురాలు. అలాంటి పిల్లలు చట్టప్రకారం రాజు సంరక్షణలోకి వెళ్లేవాళ్లు, ఆ సంరక్షణ హక్కుని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ డబ్బుకి అమ్మేది. మన జమీందారీల చరిత్ర చదివినవాళ్లకి ఆ పేరు కొత్త కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలో మైనరు జమీందార్ల ఎస్టేట్లు చూసింది అదే పేరున్న సంస్థే. ఇంగ్లండ్‌లో అసలుది మాత్రం రాజుకి ఆదాయ మార్గం. మేరీ హక్కుని నలుగురు బంధువులు కలిసి రెండువేల పౌండ్లకి కొనుక్కున్నారు. అందులో ఒకాయన తన కొడుక్కే కట్టబెడదామని చూశాడు కూడా. చివరికి పిల్ల వర్నీల ఇంటికి వచ్చింది. పెళ్లయ్యాక కూడా కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఉన్నాడు, పిల్ల తన బంధువుల దగ్గరే ఉంది, క్లేడన్‌లో కాపురం తర్వాత మొదలైంది. అత్తగారు మార్గరెట్‌కి కోడలంటే ప్రాణం. పూర్తిగా ఆస్తి చూసి కుదిర్చిన పెళ్లి. అయినా ఆ తర్వాత వాళ్లిద్దరూ రాసుకున్న ఉత్తరాలు చదివితే, ఇష్టపడి చేసుకున్నవాళ్లు కూడా ఇంత ప్రేమగా రాసుకుంటారా అనిపిస్తుంది.

1640లో రాజు పార్లమెంటుని పిలిచాడు. రాల్ఫ్ ఐల్స్‌బరీ నుంచి, తండ్రి వికమ్ నుంచి ఎన్నికయ్యారు. ఇక్కడే రాల్ఫ్ కాగితాల పిచ్చి చరిత్రకి పనికొచ్చింది. సభలో ఎవరైనా నోట్సు రాసుకుంటే మిగతా సభ్యులు అనుమానంగా చూసే రోజులవి. ఈయన మాత్రం మడతపెట్టిన కాగితాలు మోకాలి మీద పెట్టుకుని పెన్సిల్‌తో రాసేవాడు. మంత్రి స్ట్రాఫర్డ్ మీద నడిచిన చర్చలు, 1642 జనవరి 4న రాజు స్వయంగా సాయుధులని వెంటేసుకుని ఐదుగురు సభ్యులని పట్టుకెళ్లడానికి సభలోకి వచ్చిన సంఘటన, ఇవన్నీ ఆ పెన్సిల్ గీతల్లో ఉన్నాయి. 1845లో అవి అచ్చయ్యాయి కూడా.

తండ్రీకొడుకులు ఎలా విడిపోయారన్నది నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించిన భాగం. ఎందుకంటే అభిప్రాయాల్లో వాళ్లకి పెద్ద తేడా లేదు. సర్ ఎడ్మండ్‌కి బిషప్‌లంటే గౌరవం లేదు, సభలో చాలాసార్లు రాజు ఇష్టానికి వ్యతిరేకంగానే ఓటేశాడు. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు స్నేహితుడు ఎడ్వర్డ్ హైడ్‌తో (తర్వాత క్లారెండన్ ప్రభువు అయింది ఈయనే) మనసులో మాట చెప్పుకున్నాడు. ఈ గొడవ నాకు నచ్చలేదు, వాళ్లు అడిగింది రాజు ఒప్పుకుంటే బాగుండును, కానీ ముప్పై ఏళ్లుగా ఆయన ఉప్పు తిన్నాను, ఇప్పుడు వదిలేసి వెళ్లేంత నీచమైన పని చేయలేను అని. క్లారెండన్ రాసిపెట్టిన దాని సారాంశం ఇది. 1642 ఆగస్టు 22న నాటింగ్‌హమ్‌లో రాజు యుద్ధ పతాకం ఎగరేసినప్పుడు దాన్ని మోసే బాధ్యత ఈయనకే ఇచ్చారు. నమ్మకం లేని పక్షం జెండా మోయడం! అక్టోబర్ 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో, కవచం కూడా సరిగ్గా తొడుక్కోకుండా, ఆ జెండా పట్టుకునే చచ్చిపోయాడు. జెండాని ఆ రోజే రాజు మనుషులు తిరిగి సంపాదించారు గానీ శవం దొరకలేదు. తెగిపడిన చెయ్యి జెండా కర్రని వదల్లేదని, వేలికున్న ఉంగరంలో రాజు బొమ్మ ఉందని ఒక కథ చెబుతారు. కథల్ని కథలుగానే తీసుకుందాం. రాల్ఫ్ లండన్ నుంచి మనుషుల్ని పంపి వెతికించిన మాట మాత్రం నిజం.

తండ్రి అలా పోతున్నప్పుడు కొడుకు పార్లమెంటులో కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఎడ్మండ్, ఇంట్లో మన్ అని పిలిచేవాళ్లు, రాజు సైన్యంలో ఉన్నాడు. అన్నయ్యా, నువ్వంటే నాకెంతో ప్రేమ, కానీ రాజు పట్ల నా ధర్మం వల్ల నిన్ను శత్రువుగా చూడాల్సి వస్తోందే అని బాధపడుతూ రాసిన ఉత్తరం ఉంది. అంత కోపంలోనూ ఉత్తరాలు మానేయలేదు. ఈ మన్ 1649లో ఐర్లండ్‌లోని డ్రోహెడాలో పార్లమెంటు సేనాపతి క్రామ్‌వెల్ సైన్యం చేతిలో పోయాడు. అది కూడా ఊరు పడిపోయిన రోజు కాదు, ప్రాణాలకి అభయమిచ్చిన మూడు రోజులకి, క్రామ్‌వెల్ పక్కన నడుస్తున్నవాణ్ణి ఒకడు పక్కకి పిలిచి పొడిచేశాడని కుటుంబానికి ఉత్తరం వచ్చింది.

ఇక రాల్ఫ్ సూత్రం సంగతి. 1643లో పార్లమెంటుకి స్కాట్లండ్ సైన్యం సాయం కావాల్సి వచ్చింది. దానికి బదులుగా ఇంగ్లండ్ చర్చిని స్కాట్లండ్ పద్ధతికి దగ్గరగా మారుస్తామని ఒక ప్రమాణ పత్రం మీద సభ్యులంతా సంతకం పెట్టాలి. కోవెనెంట్ అంటారు దాన్ని. చాలామంది మనసులో ఏమున్నా సంతకం గీకేసి ఇంటికెళ్లారు. రాల్ఫ్ పెట్టలేదు. తను పెరిగిన చర్చిని వదులుకోలేనన్నాడు. అలాగని రాజు వైపూ వెళ్లలేదు. 1643 చివర్లో భార్యనీ, పెద్దకొడుకునీ (ఇతన్నీ మన్ అనే పిలిచేవాళ్లు), కూతురు పెగ్‌నీ తీసుకుని స్మిత్ అనే మారుపేరుతో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. చిన్నకొడుకు జాక్ మూడేళ్లవాడు, వాణ్ణి క్లేడన్‌లో వదిలేశారు. పెళ్లికాని ఐదుగురు చెల్లెళ్లనీ అక్కడే వదిలేశారు.

చివరికి ఫ్రాన్స్‌లో బ్లువా అనే ఊళ్లో చేరారు. 1645 సెప్టెంబర్‌లో సభ్యత్వం పోయింది. తర్వాత ఎస్టేట్ జప్తు. రాజు కోసం కత్తి పట్టిన వాళ్ల ఆస్తులని జప్తు చేయడానికి పెట్టిన చట్టం అది. కత్తి కాదు కదా, పార్లమెంటు మీద ఒక్క మాట కూడా అననివాడి మీద అది వచ్చి పడింది, కారణం సభకి రాకపోవడమే. అటు రాజు మనుషుల దృష్టిలో ఈయన పార్లమెంటు మనిషి. నిజాయితీ గల మధ్యేమార్గం మనిషికి ఏ పక్షం నుంచీ సాయం రాదు, పైగా ఇద్దరూ దెబ్బ కొడతారు.

ఆయన తిరిగొస్తే అప్పుల వాళ్లు పట్టుకుంటారు, లేదా జైలు. మరి ఎవరు వెళ్లాలి? ఇక్కడ మేనమామ డాక్టర్ విలియం డెంటన్ రంగంలోకి వస్తాడు. మేనమామే గానీ రాల్ఫ్ కంటే ఎనిమిదేళ్లే పెద్ద, లండన్‌లో వైద్యుడు, మాటకారి. 1646లో ఆయన రాసిన సలహా ఏమిటంటే, ఆడవాళ్లు ఇంతగా ఉపయోగపడిన రోజులు ఎప్పుడూ లేవు, ఇక్కడ తెలివైనవాళ్లంతా భార్యలకి విషయం నేర్పి కమిటీల ముందుకి పంపిస్తున్నారు, నువ్వూ అదే చెయ్యి అని. మేరీ కాస్త బతిమాలే స్వభావం అలవాటు చేసుకుని, అప్పుడప్పుడు ఉల్లిపాయ రసం వాడితే రాతి గుండెలు కూడా మెత్తబడతాయని కూడా రాశాడు. అంటే దొంగ ఏడుపు ఏడవమని. వైద్యుడి చిట్కా!

మేరీ 1646 చివర్లో లండన్ బయల్దేరింది. అప్పటికి గర్భవతి. చలికాలం, సముద్ర ప్రయాణం, భర్తా ఇద్దరు పిల్లలూ బ్లువాలో. లండన్‌లో అద్దె గదులు, ఖరీదైన జీవితం, ఎవరిని కదిపినా వచ్చే వారం చూద్దాం అనే జవాబు. ఆమె చేయాల్సిన పని చెప్పుకోవడానికి సులువే. ఏ కారణంతో ఆస్తి జప్తు చేశారో జిల్లా కమిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి, దాన్ని లండన్‌లో పెద్ద కమిటీ ముందు పెట్టించాలి, అది సరైన కారణం కాదని ఒప్పించాలి. ప్రభుత్వ ఆఫీసులో ఒక్క సర్టిఫికెట్ కోసం తిరిగిన ఎవరికైనా ఇందులో ఎన్ని నెలలు పోతాయో వివరించక్కర్లేదు. పాత స్నేహితులు మొహం చాటేశారు. ఆ కుటుంబానికి బాగా దగ్గరైన ఒక గొప్పింటి ఆవిడ, అప్పటికి వార్విక్ ప్రభువు భార్య, సాయం చేస్తుందని ఆశపడ్డారు, ఆవిడ మాటలతో సరిపెట్టింది. ఆమె వరసగా వయసు మళ్లిన ప్రభువుల్ని పెళ్లాడుతూ వచ్చింది, అందుకని వర్నీల ఉత్తరాల్లో ఆమెకి పెట్టుకున్న రహస్య నామం ముసలాళ్ల పెళ్లాం. కష్టాల్లో కూడా వీళ్లకి ఎకసెక్కాలు తగ్గలేదు.

1647 జూన్‌లో కొడుకు పుట్టాడు. పేరు గురించి ముందే ఉత్తరాల్లో వాదన. నా పేరు తప్ప ఏదైనా పెట్టు, రిచర్డ్ బాగుంటుందని రాల్ఫ్. ఆడపిల్లైతే నీ ఇష్టం, మగపిల్లాడైతే నీ పేరే పెడతాను, కాదనడానికి వీల్లేదని మేరీ. రాల్ఫ్ అనే పెట్టింది.

కాన్పయి కాస్త కోలుకున్నాక క్లేడన్ వెళ్లి ఇల్లు చూసుకుంది. సైనికులు వచ్చిపోయిన ఇల్లు, యజమాని లేని ఇల్లు. పరుపులు ఎలుకలు కొరికేశాయి, వంటింటి ఇనప సామాన్లు పనికిరాకుండా తుప్పు పట్టాయి, దుప్పట్లూ గుడ్డలూ చిరిగిపోయాయి. ఈ లెక్కంతా పూస గుచ్చినట్టు భర్తకి రాసింది. ఏళ్ల తరబడి చూడని జాక్‌ని కూడా అక్కడే చూసింది. వాడి కాళ్లు ఘోరంగా వంకరపోయి ఉన్నాయి, అయినా గట్టిగానే నడుస్తున్నాడు, నన్ను వదలడం లేదు, వీణ్ణి మాత్రం ఈసారి తీసుకొచ్చేస్తానని రాసింది.

ఆ అక్టోబర్‌లో రెండూ ఒకేసారి జరిగాయి. నాలుగు నెలల పసివాడు దాదితో క్లేడన్‌లో ఉండగా ఫిట్స్ వచ్చి చనిపోయాడు. దాదాపు అదే రోజుల్లో బ్లువాలో పెగ్, ఎనిమిదేళ్ల పిల్ల, రక్త విరేచనాలతో పోయింది. రాల్ఫ్‌కి భార్యకి నేరుగా రాసే ధైర్యం లేక డెంటన్‌కి రాశాడు, నువ్వే ఎలాగో చెప్పు అని. డెంటన్ ఆ కబురు పట్టుకుని వచ్చేసరికి మేరీ అప్పుడే పసివాడి వార్త విని పడిపోయి ఉంది. రెండు రాత్రులు ఆమె పలవరిస్తూ మనుషుల్ని కూడా గుర్తుపట్టలేదని ఆయన తర్వాత రాశాడు. కూతురు చచ్చిపోయేటప్పుడు తల్లి దగ్గర లేదు, కొడుకుని తండ్రి ఒక్కసారైనా చూడలేదు.

ఆ స్థితిలోంచి లేచి మళ్లీ కమిటీ పనికి వెళ్లింది. దీని గురించి ఆమె ఉత్తరాల్లో పెద్ద మాటలేమీ ఉండవు. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. క్లేడన్ మళ్లీ వర్నీలదైంది. అప్పుల వాళ్లతో ఒప్పందాలు చేసుకుని, జాక్‌ని వెంటబెట్టుకుని ఆ వసంతంలో ఫ్రాన్స్ వెళ్లిపోయింది. రెండేళ్లకే, 1650 మేలో, బ్లువాలో చనిపోయింది. ముప్పై నాలుగేళ్లు.

రాల్ఫ్ ఆమె శవాన్ని పాడవకుండా మందులు పూయించి పెట్టెలో పెట్టించి ఇంగ్లండ్ పంపించాడు, నవంబర్‌లో క్లేడన్ చర్చిలో పాతిపెట్టారు. తను వెళ్లలేకపోయాడు. ఆమె తన ప్రాణం పెట్టి విడిపించిన ఇంటికి ఆమె అలా చేరింది. తర్వాత ఆయన పెద్దకొడుకుతో ఇటలీ తిరిగాడు. ఆ ప్రయాణపు సామాన్ల చిట్టా కూడా దొరికింది, ఈ కుటుంబంలో దొరకనిదేముంది. నల్ల పట్టు రాత్రి బట్టలు, నల్ల టోపీలు, నల్ల దువ్వెన, నల్ల మఖమల్ చెప్పులు. ఆ తర్వాత నలభై ఆరేళ్లు బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఒక పెద్ద నల్ల మంచం ఉండేది, నల్ల తెరలతో సహా. బంధువుల్లో ఎవరింట్లో చావు జరిగినా దాన్ని అరువు పంపించేవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు కొన్నాళ్లు దాని మీద పడుకుని తిరిగి పంపేవాళ్లు. ఆడంబరమే అనుకోండి, కానీ ఆ మంచం ఎంతమంది ఇళ్లకి తిరిగిందో తల్చుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రాల్ఫ్ సంతకం పెట్టకపోవడం తప్పని నేనడం లేదు. నమ్మనిదాని మీద ప్రమాణం చేయడం నేరమని నిజంగానే నమ్మాడు, దానికోసం పదేళ్లు పరాయి దేశంలో ఉన్నాడు. కానీ చెల్లెళ్ల సంగతి చూడండి. తండ్రి కూతుళ్ల కట్నాలకి ఏర్పాటు చేసింది ఆ బట్టల సుంకం ఆదాయం మీద. యుద్ధం రాగానే ఆ ఆదాయం ఆగిపోయింది. కట్నం కాగితం మీదే ఉంది, ఇంట్లో పెద్దదిక్కు లేదు, ఇల్లు చూస్తే రెండు సైన్యాల మధ్య ఉంది. పెద్దింటి పిల్లలు వచ్చిన సంబంధం చేసుకున్నారు. సూజన్ అప్పులపాలై జైల్లో ఉన్న రెండో పెళ్లివాణ్ణి చేసుకుని కొన్నేళ్లకే కాన్పులో పోయింది. పెన్ బంధువుల్లోనే ఇచ్చినా మొగుడు కొట్టేవాడు. పెగ్ (చనిపోయిన చిన్నపిల్లకి మేనత్త, పేరు ఒకటే) మొగుడితో పడక విడిపోయింది. అందరికంటే చిన్నది బెటీ ఒక పేద చర్చి గురువుని తనే ఎంచుకుని చేసుకుంది. యుద్ధానికి ముందే పెళ్లయిన కేరీకి మూడేళ్లకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు సరిగ్గా చూడలేదు. ఆవిడకి మాత్రం రెండో పెళ్లి మంచిదే కుదిరింది. వీళ్లెవరూ కోవెనెంట్ గురించి అభిప్రాయం అడిగించుకున్నవాళ్లు కారు.

పోనీ మేరీని చూశాక అయినా ఆడవాళ్ల మీద ఆయన ఆలోచన మారిందా అంటే, అదీ లేదు! డెంటన్ కూతురు నాన్సీ అని చిన్నపిల్ల, రాల్ఫ్ ఆమెకి గాడ్‌ఫాదర్, అంటే బాప్తిస్మపు తండ్రి. లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకుంటానని ఉత్సాహంగా ఉత్తరం రాసింది, మీకంటే ఎక్కువ నేర్చేసుకుంటానని సవాలు కూడా చేసింది. ఈయన బెంబేలెత్తిపోయి తండ్రికీ పిల్లకీ రాశాడు, పిల్లకి లాటిన్ వద్దు, షార్ట్‌హ్యాండ్ అసలే వద్దు, బైబిలూ ప్రార్థన పుస్తకమూ మాతృభాషలో చదువుకుంటే చాలు, కావాలంటే ఫ్రెంచ్ నేర్పు అని. మేరీ పోయి ఏడాదో రెండేళ్లో అయిందంతే. అది చదివినప్పుడు ఈ మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

1653లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. హమ్మయ్య అనుకునేలోపే, 1655లో రాజపక్షం మనిషన్న అనుమానంతో, రాజరికం పోయాక దేశాన్ని ఏలుతున్న క్రామ్‌వెల్ ప్రభుత్వం పట్టుకెళ్లి లండన్‌లో నెలల తరబడి నిర్బంధంలో పెట్టింది. వదిలాక రాజపక్షం వాళ్ల మీద వేసే పన్ను వేసింది. నేనెప్పుడు కత్తి పట్టానని వాదించాడు, ఎవరూ వినలేదు. 1660లో రాజరికం తిరిగొచ్చింది, 1661లో బారోనెట్ బిరుదు ఇచ్చారు. అరవై ఏడేళ్లు దాటాక మళ్లీ రాజకీయాల్లోకి వచ్చి, బకింగ్‌హమ్ నుంచి 1681, 1685, 1689 పార్లమెంట్లకి ఎన్నికయ్యాడు. మధ్యలో రాజులు మారారు, విప్లవం కూడా వచ్చిపోయింది. కానీ ఈ రెండో విడతలో నాకు పెద్దగా ఆసక్తి కలగలేదు. ఆయన అసలు పని అప్పటికి క్లేడన్‌ని చక్కబెట్టడం, చెట్లు నాటించడం, తోట, అప్పులు తీర్చడం, బంధువుల గొడవలు తీర్చడం.

కొడుకుల కథలో మాత్రం ఒక తమాషా ఉంది. పెద్దవాడు మన్‌కి పక్క ఊరు ఈస్ట్ క్లేడన్ వారసురాలిని తెచ్చి 1662లో పెళ్లి చేశారు. భూమికి భూమి కలిసింది, భూస్వామి లెక్కలో బ్రహ్మాండమైన సంబంధం. ఆ అమ్మాయికి పెళ్లయిన కొద్ది కాలానికే మతి చలించింది, మళ్లీ బాగుపడలేదు. మన్ ఆమెని ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాడు, అప్పులు చేశాడు, బాగా లావెక్కాడు, పిల్లలంటే ప్రాణం పెట్టాడు. కొడుకు ఆక్స్‌ఫర్డ్ చదువుకి వెళ్తే ట్రంకులో ఏమేం సర్దాడో రాసిన ఉత్తరం ఉంది. 18 నారింజలు, 6 నిమ్మకాయలు, పంచదార, దగ్గొస్తే తినడానికి కిస్‌మిస్, 4 జాజికాయలు. హాస్టల్‌కి పిల్లల్ని పంపే ఏ తండ్రి చిట్టాకీ తీసిపోదు. మన్ కొడుకుల్లో ఒకడు 1686లో చనిపోయాడు. మన్ 1688లో, ఇంకో కొడుకు 1690లో.

చిన్నవాడు, వంకర కాళ్ల జాక్, నాకు భూస్వామి బతుకు వద్దు, వ్యాపారం చేస్తానన్నాడు. తండ్రికి అంత రుచించలేదు గానీ చివరికి లెవాంట్ (మధ్యధరా సముద్రపు తూర్పు తీరం) వ్యాపారం చేసే ఒకాయన దగ్గర అప్రెంటిస్‌గా చేర్చాడు. 1662లో, అన్న పెళ్లయిన ఏడాదే, జాక్ ఓడెక్కి సిరియాలోని అలెప్పో వెళ్లి పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. బట్టలు, పట్టు, లెక్కల పుస్తకాలు. 1674లో డబ్బుతో తిరిగొచ్చి లండన్‌లో స్థిరపడ్డాడు. 1696 సెప్టెంబర్‌లో ఎనభై మూడో ఏట రాల్ఫ్ పోయేసరికి వారసుడిగా మిగిలింది ఇతనే. యాభై ఐదేళ్ల వర్తకుడు క్లేడన్ దొర అయ్యాడు, 1703లో వైకౌంట్ ఫర్మానా కూడా అయ్యాడు. మేరీ ఈసారి తీసుకొచ్చేస్తానని రాసింది ఈ పిల్లాడి గురించే.

టామ్ గురించి చెప్పకుండా ముగిస్తే వర్నీల మీద రాసినట్టే కాదు. రాల్ఫ్ పెద్ద తమ్ముడు, 1615లో పుట్టాడు. ఎవరో అమ్మాయిని చేసుకుంటానంటే ఇంట్లోవాళ్లు ఓడెక్కించి 1634లో వర్జీనియా పంపారు, నెలల్లో తిరిగొచ్చాడు. బార్బడోస్ పంపారు, అక్కడి నుంచి అక్కడి పండ్ల గురించి చక్కటి వర్ణన రాసి, కింద డబ్బు పంపమన్నాడు. తర్వాత యుద్ధం, అప్పులు, మోసాలు, జైళ్లు, మళ్లీ మళ్లీ పెళ్లిళ్లు. ప్రతి జైలు నుంచీ అన్నకి ఉత్తరం, ఇదే ఆఖరుసారి, పూర్తిగా మారిపోయాను, ఒక జత బట్టలైనా పంపు అంటూ. రాల్ఫ్ తిట్టి, విసుక్కుని, ఎంతో కొంత పంపేవాడు, ఆ ఉత్తరాన్ని మడిచి తేదీ రాసి దాచేవాడు. యుద్ధాలన్నీ దాటుకుని, అన్న పోయాక ఇంకో పదకొండేళ్లు, టామ్ 1707 దాకా హాయిగా బతికాడు.